లాంచీ కాపురం

జూన్ 14, 1999

ఆయన ఈ రోజు ఫ్యాక్టరీలో స్వచ్ఛంద విరమణకి సంతకం పెట్టి వచ్చారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పారు. క్వార్టరు దసరాలోపు ఖాళీ చెయ్యాలిట. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఈ టౌన్‌షిప్పే. సైరన్‌కి లేవడం, సైరన్‌కి క్యారేజీ కట్టడం. ఇక సైరన్ వినపడని చోటికి వెళ్ళిపోదాం అన్నారు. ఎక్కడికి అని అడగలేదు. ఆయనే చెప్తారు కదా.

జూన్ 20

బీరంగూడలో ఒక స్థలం చూశాం. గుట్టకి దగ్గర, తూర్పు ముఖం, పక్కనే బోరు. నాకు నచ్చింది. ఆయనకి నచ్చలేదు. "ఎటు చూసినా గోడలే కమలా. రిటైరైనవాడు గోడలు చూస్తూ కూచోవాలా?" అన్నారు.

ఇల్లంటే గోడలే కదండీ అన్నాను. మనసులో.

స్కూటరు మీద వస్తూ దారంతా గోదావరి గురించి చెప్పారు. వాళ్ళ లంక, రేవు, వరదలు. "ఈ బాపిరాజు ఒంట్లో పారేది రక్తం కాదు, గోదారి" అన్నారు. ఈ మాట ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఎవరి రిటైర్మెంటు పార్టీ అయినా చివర్లో ఇదే చెప్తారు.

జూలై 4

ఆయన సిటీలో ఏదో వేలంపాట ఉందని వెళ్ళారు. పాత జీపు కొంటారేమో అనుకున్నాను. లాంచీ కొన్నారు. అక్కడి చెరువులో జనాన్ని షికారు తిప్పి తిప్పి పాతబడిపోయిన లాంచీ. ఇంజను లేదు. పైన రేకుల కప్పు, చుట్టూ కిటికీలు ఉన్నాయిట. బీరంగూడ పక్కనున్న తుమ్మలచెరువులో వేసుకుని అందులోనే ఉంటాంట.

తోడు వెళ్ళిన నరసింహమూర్తిగారు కూడా ఒకటి కొన్నారు. ఆయన ఫ్యాక్టరీలో అకౌంట్లు చూసేవారు, బీరంగూడలో సొంత ఇల్లుంది. ఆయన కొన్నది హంస. కాళ్ళతో తొక్కే పడవ, హంస ఆకారంలో ఉంటుందే, అది. ఎందుకండీ అని అడిగితే, "అందరూ పాడుతున్నారు చెల్లెమ్మా, నేనొక్కణ్ణీ ఊరికే ఉంటే బాగుండదని చెయ్యెత్తాను" అన్నారు. ఆయన మొహం చూస్తే జాలేసింది.

జూలై 5

నాకేం కోపం లేదు.

ఆగస్టు 11

ఆయన తుమ్మలచెరువు వెళ్ళి బాలప్పతో మాట్లాడి వచ్చారు. బాలప్ప అక్కడి చేపల సొసైటీకి పెద్ద. కాదంటాడని ఆశ పడ్డాను. కాదనలేదుట. "మీరు ఆడనే ఉంటరు గద సార్. చేపల దొంగలొస్తే జెర కేకెయ్యిన్రి, గంతే చాలు" అన్నాడుట.

అంటే మనం కాపలావాళ్ళమా అన్నాను. ఈసారి పైకే అన్నాను కానీ కుక్కరు కూసింది. ఆయనకి వినపడలేదు.

సెప్టెంబరు 22

లాంచీ వచ్చింది. ఇది కొంచెం వివరంగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

పొడుగాటి లారీ మీద లాంచీ, లాంచీ మీద హంస. బొంబాయి రోడ్డు మీద వస్తున్నాం. వినాయకుడి నిమజ్జనాల రోజులు. పటాన్‌చెరు దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. మా లారీ ముందు ఒక బ్యాండుమేళం వచ్చి చేరింది, ఎవరిదో తెలీదు. కుర్రకారు మా ముందు చిందులేశారు. ఒకాయన లారీ చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. ఒక ముసలామె బిడ్డనెత్తుకుని వచ్చి, హంసకి దణ్ణం పెట్టించి, డ్రైవరు పక్కన కూచున్న నన్ను అడిగింది: "దేవుడేడమ్మా, లోపల కూసున్నడా?"

ముందు సీట్లోనే ఉన్నారు అన్నాను, ఆయన్ని చూస్తూ. మనసులో.

ఆయన మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అందరికీ నమస్కారం చేస్తూ కూచున్నారు. ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు చేసినా ఆయన కోసం ఎవరూ బ్యాండు వాయించలేదు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

అక్టోబరు 15

క్వార్టరు తాళాలు ఇచ్చేశాం. లాంచీలోకి వచ్చాం. ప్లైవుడ్డుతో రెండు గదులు చేయించారు. గట్టు నుంచి లాంచీలోకి ఒక చెక్క. మరుగుదొడ్డి గట్టు మీద, రేకులది. మంచినీళ్ళు బిందెలతో రావాలి. చుట్టూ ఇన్ని నీళ్ళు పెట్టుకుని బిందె మోసుకురావడం నాకు కొత్త.

పులిహోర, పాయసం చేశాను. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. ఆకలి లేదుట. కొత్త చోటు కదా.

అక్టోబరు 17

ఆకలి లేదుట.

అక్టోబరు 24

ఈ రోజు సంఘం పుట్టింది. తుమ్మలచెరువు జలనివాసుల సంక్షేమ సంఘం. ఆయన అధ్యక్షులు, నరసింహమూర్తిగారు కార్యదర్శి, నేను సభ్యులు. మూర్తిగారు ఇంట్లోనే ఉంటారు కానీ రోజూ సాయంత్రం వచ్చి హంసలో కూచుని పేపరు చదువుకుంటారు. అందుకని ఆయనా నివాసేట.

మొదటి తీర్మానం: హంసని లాంచీకి కట్టుకోవచ్చా, కూడదా? కట్టుకోవచ్చని కార్యదర్శి, కూడదని అధ్యక్షులు. హంస తగిలినప్పుడల్లా లాంచీ ఊగుతోందని ఆయన అభ్యంతరం. ఊగితే ఏమైందండీ, మీరు గోదారివారు కదా అన్నారు మూర్తిగారు. అధ్యక్షులవారి నుదుటి మీద చెమట పట్టింది. నా ఓటు అడిగారు. పప్పు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయాను.

నవంబరు 8

ఆయనకి గట్టు మీద పనులెక్కువయ్యాయి. పొద్దున్నే వెళ్తారు. పింఛను పని, బ్యాంకు పని, ఎవరో స్నేహితుడి పని. మధ్యాహ్నం భోజనానికి రావడం కుదరడం లేదు. కూరగాయలకని బీరంగూడ వెళ్ళాను. మెస్‌లో కనిపించారు. వెనక నుంచి చూశాను. అన్నం రెండోసారి పెట్టించుకుంటున్నారు. సాంబారు చేత్తో పట్టి తాగుతున్నారు.

పలకరించలేదు. పనుల్లో ఉన్న మనిషిని ఎందుకు కదిలించడం.

నవంబరు 30

గోద్రెజ్ బీరువా లాంచీలో ఒక పక్క బరువైపోతోందని, సామాన్ల కోసం చెరువు అవతల కొత్త కాలనీలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. కింది వాటా. బీరువా వెళ్ళింది.

డిసెంబరు 6

ఆయన మంచం కూడా గదికి వెళ్ళింది. మంచమూ సామానే కదా.

డిసెంబరు 9

సామాన్లు ఒంటరిగా ఉంటే దొంగల భయమని ఆయన అక్కడే పడుకుంటున్నారు.

డిసెంబరు 26

ఈ మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయలేను. నాకు బాగుంది.

ఇక్కడ లేవమని ఎవరూ కూత పెట్టరు. మెలకువ వచ్చినప్పుడు లేస్తాను. లాంచీ కొంచెం కొంచెం ఊగుతూ ఉంటుంది, ఎవరో వీపు నిమురుతున్నట్టు. ముక్కుకి మందుబిళ్ళల వాసన వస్తుంది, పాశమైలారం మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీస్తే. అయినా బాగుంది. మొన్న పొద్దున అవతల గట్టున ఇద్దరు వల విసురుతుంటే పళ్ళెం మీద గరిటెతో వాయించాను. పారిపోయారు. ఇంత మోత నేను జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు. బాలప్ప రెండు బొచ్చె చేపలు తెచ్చి ఇచ్చాడు.

"ఓడమ్మా, నువ్వు సొసైటీల ఉండవల్సినదానివి" అన్నాడు.

ఓడమ్మ అన్నందుకు ఆయనకి కోపం వస్తుందని చెప్పలేదు. ఆయన లేరు కూడా, చెప్పడానికి.

జనవరి 19, 2000

కిటికీ తీస్తే తెల్లగా ఉంది. నురుగు. చెరువంతా నురుగు. హంసకి తల ఒక్కటే కనిపిస్తోంది. మూర్తిగారు గట్టు మీద నిలబడి, "క్షీరసాగరంలా ఉంది చెల్లెమ్మా" అన్నారు. కాసేపటికి ఆయనకి తుమ్ములు పట్టుకుని వెళ్ళిపోయారు.

బాలప్ప గట్టు మీద గొంతుక్కూచున్నాడు. "ఎవలో ఫ్యాక్టరీ నీళ్ళు ఇడిసిన్రమ్మా. ఎవలంటే ఎవలు చెప్తరు. రేపు చూడున్రి."

జనవరి 20

చూశాను. చెరువు నిండా తెల్లటి పొట్టలు. బాలప్ప వాళ్ళు ఏరి గంపలకెత్తారు, మధ్యాహ్నం దాకా. నేను మజ్జిగ కలిపి ఇచ్చాను.

మార్చి 12

నీళ్ళు తగ్గిపోతున్నాయి. లాంచీ అడుగు బురదకి ఆని, ఒక పక్కకి ఒరిగింది. స్టవ్వు మీద గిన్నె పెడితే పాలు ఒక వైపే పొంగుతున్నాయి. నేనూ ఒక పక్కకి ఒరిగి నడవడం నేర్చుకున్నాను. ఆయన వచ్చి గడప దాకా ఎక్కారు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పలేదు, బ్యాంకు మూసేస్తారని చెప్పి దిగిపోయారు. ఆదివారం.

ఏప్రిల్ 2

చెరువు ఎండిపోయింది. బాలప్ప వలలు చుట్టుకుంటూ, "ఇగ నన్నేం అడగకమ్మా. నీళ్ళున్నప్పుడే నా రాజ్యం. ఇప్పుడు వెంకటేశం పటేలుది" అన్నాడు.

సాయంత్రం ఆ వెంకటేశం ట్రాక్టరు మీద వచ్చాడు. ఫ్యాక్టరీల దగ్గర ట్యాంకర్లు తిప్పుతాడు, ఊళ్ళో భూములు కూడా ఉన్నాయి. లాంచీ చుట్టూ తిరిగి చూశాడు.

"గిదేందమ్మా, నా పొలంల ఓడ పెట్టిన్రు?"

"మేం చెరువులో పెట్టామండీ" అన్నాను.

"చెరువు కింది భూమి నా శికం పట్టానే. మా తాతల కాన్నుంచి నీళ్ళు పోంగనే దున్నుకుంటం. ఈ జాగా నాది, నీళ్ళు సొసైటియి. మీరు నీళ్ళల్ల ఉన్నన్ని దినాలు నాకేం లేకుండె. ఇప్పుడు నా మీద ఉన్నరు."

ఆయన ఉంటే ఏదో చెప్పేవారు. నేను కాఫీ తాగుతారా అన్నాను. తాగాడు. వెళ్తూ, మీ ఓడ చుట్టు దున్నుకుంట, మీరేం పరేషాన్ కాకున్రి అన్నాడు.

ఏప్రిల్ 21

చుట్టూ దోసపాదులు పెట్టారు. వెంకటేశం తల్లి సత్తెమ్మ రోజూ వచ్చి లాంచీ నీడలో కూచుంటుంది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. మొదట్లో నాతో మాట్లాడలేదు. నిన్న పైకి చూసి అంది:

"నీ పెనిమిటి ఏడుంటడు బిడ్డా?"

"సామాన్ల దగ్గరండీ."

"నువ్వు సామాను కాదా?"

నవ్వొచ్చింది. తర్వాత రోజంతా రాలేదు, నవ్వు.

మే 9

ఆయన వచ్చారు. పైకి ఎక్కలేదు, దోసపాదుల మధ్య నిలబడి కిటికీలోంచి మాట్లాడారు. రోడ్డు మీద జనం ఆయన్ని "ఎండిన చెరువుల ఓడ రాజు" అంటున్నారుట. ఫ్యాక్టరీవాళ్ళు బస్సాపి మరీ చూసి వెళ్తున్నారుట. వెంకటేశానికి ఎవరో వెంచర్ వేసేవాళ్ళు దొరికారు, ఈ శికం అంతా కొనుక్కుని ప్లాట్లు చేస్తారుట, లాంచీ అడ్డంగా ఉంది. అందుకని ఆయన దీన్ని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశారు. గురువారం గ్యాస్ కట్టరు పట్టుకుని వస్తాడు.

"నీ బట్టలూ గిన్నెలూ సర్దుకో. ఆ గదిలో ఇద్దరికీ చాలు" అన్నారు.

"సరేనండీ" అన్నాను.

మే 10

సర్దుతున్నాను.

మే 11

సర్దినవి మళ్ళీ తీసి ఎక్కడివక్కడ పెట్టేశాను.

పొద్దున పాత ఇనుమువాడు ఇద్దరు పనివాళ్ళతో వచ్చాడు. వెంకటేశం వచ్చాడు. ఆయన వచ్చి, "దిగు కమలా" అన్నారు.

"దిగను" అన్నాను.

ఆయన నా వైపు కాకుండా వెనక్కి తిరిగి చూశారు, ఆ మాట ఇంకెవరైనా అన్నారేమో అని. "ఏవిటీ?"

"నేను దిగనండీ. కొనేటప్పుడు నన్నడగలేదు, ఏం అనలేదు. అమ్మేటప్పుడూ అడగలేదు. ఇప్పుడంటున్నాను."

కట్టరు పట్టుకున్న బీహారు అతను, మనిషి లోపల ఉంటే నేను కొయ్యనని బీడీ ముట్టించుకున్నాడు. ఇంతలో సత్తెమ్మ పాదుల్లోంచి లేచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, నిచ్చెనెక్కి వచ్చి నా పక్కన కూచుంది.

"అమ్మా, నువ్వేంది నడుమల?" అన్నాడు వెంకటేశం.

"నన్నడిగినవారా, అమ్మేటప్పుడు? మట్టి అమ్ముకుంటే రేపు ప్లాట్ల మీద దోసకాయలు కాస్తయా? నేను ఈడనే కూసుంట. కోసుకుంటే ఇద్దర్ని కొయ్యి."

ఈ గొడవ తెలిసి బాలప్ప వెళ్ళి ఎమ్మార్వోగారిని పిలుచుకొచ్చాడు. చెరువు పూడ్చేస్తే చేపలవాళ్ళు ఎక్కడికి పోవాలని అతని బాధ. నరసింహమూర్తిగారికి ఎవరు చెప్పారో, పరుగున వచ్చి హంసలో కూచున్నారు. హంస కింద నీళ్ళు లేవు, ఒక దోసతీగ మెడకి చుట్టుకుని ఉంది. ఎండగా ఉందని గొడుగు వేసుకున్నారు.

ఎమ్మార్వోగారు జీపు దిగి పాదులు తొక్కకుండా నడిచి వచ్చారు. తర్వాత లాంచీ వైపు చూపించి, "ఇదేంటి?" అన్నారు.

"పొలం సార్" అన్నాడు వెంకటేశం.

"చెరువు సార్" అన్నాడు బాలప్ప.

"స్క్రాపండీ" అన్నారు ఆయన.

ఎమ్మార్వోగారు తలెత్తి నన్ను అడిగారు. "మీరు చెప్పండమ్మా."

"ఇల్లండీ" అన్నాను.

"మరి ఆయన?" హంస వైపు చూశారు.

"కార్యదర్శిగారండీ."

ఎమ్మార్వోగారు నుదురు తుడుచుకున్నారు. పక్కనున్న గుమాస్తాతో అన్నారు: "పొలంల ఎవరన్నా పడవ పెట్టుకుంటరా? పెట్టుకోరు. పడవుందంటే ఇది చెరువే. రాసుకో."

"నీళ్ళేయి సార్?" అన్నాడు వెంకటేశం.

"లీవుల ఉన్నయి. వస్తయి. అప్పటిదాకా ప్లాట్లు గిట్లు నడవయి. పడవ తీసినంక మళ్ళ చూద్దాం."

వెంచర్ వాళ్ళ మనిషి ఒకతను పాదుల అవతల నిలబడి ఇదంతా విని, మోటరుసైకిలు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. వెంకటేశం తల్లి వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "అమ్మా, ఎండ మస్తుంది, అన్నం తిన్నవా?" అన్నాడు.

ఆయన మాత్రం గదికి వెళ్ళిపోయారు. నా వైపు చూడనైనా చూడలేదు.

మే 12

ఆయన రాలేదు.

మే 13

రాలేదు.

మే 27

దోసకాయ పప్పు చేశాను. రాలేదు.

జూన్ 18

మూర్తిగారు వచ్చారు. అధ్యక్ష పదవి ఖాళీగా ఉందని, నన్ను ఉండమని అడిగారు. రాజుగారు రాజీనామా ఇచ్చారా అంటే, ఇవ్వలేదు కానీ ఆయన మన చెరువు మాటెత్తితే మెస్‌లో టేబులు మారిపోతున్నారు చెల్లెమ్మా అన్నారు. చిక్కారా అని అడగబోయి, మెస్ సాంబారు ఎలా ఉంటుంది అని అడిగాను.

నాకేం బెంగ లేదు.

జూలై 16

వానలు మొదలయ్యాయి. పాదులు తీసేశారు. సత్తెమ్మ వెళ్తూ వెళ్తూ చివరి దోసకాయలు కిటికీలో పెట్టి పోయింది. బాలప్ప వలలు బాగు చేసుకుంటున్నాడు. పొద్దున లాంచీ ఒక్కసారి మూలిగి, నిటారుగా లేచింది. ఇన్నాళ్ళూ ఒరిగి నడిచి నడిచి, నేల సమానమయ్యేసరికి నేనే పడబోయాను.

ఆగస్టు 27

మూడు రోజులుగా రాయడానికి చోటు లేదు. చోటంటే కూచునే చోటు. ఇప్పుడు రాస్తున్నాను.

ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే, ఆకాశం విరిగి పడ్డట్టు వాన. చెరువు నిండి, అవతలున్న కొత్త కాలనీలోకి పోయింది. శికంలోనే కట్టిన కాలనీ అది, ఆయన గది ఉన్నది అక్కడే. కింది వాటాలన్నీ మునిగాయి. బాలప్ప వాళ్ళు తెప్పలేసుకుని జనాన్ని తెచ్చి తెచ్చి మా లాంచీలోకి ఎక్కించారు. వాళ్ళతోపాటు టీవీలు, గ్యాసు సిలిండర్లు, ఎవరిదో కుట్టుమిషను, ఒక మేక. వెంకటేశం తన దూడని భుజాల మీద మోసుకొచ్చి, "జెర దీన్ని కూడ చూడమ్మా" అని పెట్టి పోయాడు.

నేను గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళ మొహాలు చూస్తున్నాను. ఒక తెప్ప, ఇంకో తెప్ప. ఆయన లేరు. ఒకామె తన పిల్లని అందిస్తుంటే తెప్పల వైపే చూస్తూ జారవిడవబోయాను. గది నిండా నీళ్ళుంటాయి. ఆయన మంచమెక్కి నిలబడి ఉంటారు, బీరువా పట్టుకుని. ఈత వచ్చో రాదో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. గోదారి మనిషికి ఈత రాదా అనుకున్నాను.

అప్పుడు వానలోంచి హంస వచ్చింది.

నరసింహమూర్తిగారు పంచె ఎగగట్టి, రొప్పుతూ తొక్కుతున్నారు. పక్క సీట్లో ఆయన, ఒళ్ళో సూట్‌కేసు, కళ్ళు గట్టిగా మూసుకుని, హంస మెడని రెండు చేతులా కావలించుకుని. లాంచీకి తగిలాక కూడా కళ్ళు తెరవలేదు. "వచ్చేశాం రాజుగారూ, వదలండి" అంటారు మూర్తిగారు. ఆయన వదలరు. నేను చెయ్యి పట్టుకుని, "దిగండి" అన్నాను. దిగారు. ఒళ్ళంతా చల్లగా ఉంది. తుండుగుడ్డ ఇచ్చాను.

ఇంకొందరు ఎక్కారు. ఎక్కుతుంటే లాంచీ దిగుతూ దిగుతూ, చివరికి గట్టు పక్కన, లోతు లేని చోట, ధన్ మని నేలకి ఆనింది. బాలప్ప వచ్చి తెడ్డు పెట్టి చూశాడు. "ఏం భయం లేదమ్మా. మునగలే, కూసుంది. ఇగ కదలదు" అన్నాడు.

నిజంగానే కదల్లేదు. పెద్ద గిన్నె పెట్టి కిచిడీ వండాను. ఆయన తిన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారి తనే లేచి వచ్చి పెట్టుకున్నారు. పక్కన మేక, ఎదురుగా దూడ, మోకాళ్ళ మీద ఎవరి పిల్లో. లాంచీలో ఆయన కడుపు నిండా తినడం అదే మొదలు.

ప్లేటు కడుగుతుంటే వెనకొచ్చి నిలబడి, మెల్లిగా అన్నారు:

"కమలా, నాకు నీళ్ళు పడవు."

"తెలుసండీ."

"ఎప్పట్నించి?"

"మొదటిరోజు పులిహోర దగ్గర్నుంచి."

"మరి చెప్పలేదే?"

"మీరు చెప్పలేదు కదా."

అప్పుడు చెప్పారు. చిన్నప్పుడు రేవు దాటడానికి పడవెక్కినప్పుడల్లా వాంతులట. ఎన్ని నిమ్మకాయలు ఇచ్చినా తగ్గలేదట. రోజూ బడికి దాటించలేక వాళ్ళ నాన్నగారు ఏడో ఏట తణుకులో మేనమామ ఇంట్లో పెట్టేశారుట. "ఆ ఊళ్ళో నేను ఉన్నది ఎన్నాళ్ళు? ఫ్యాక్టరీలో ఎవరైనా నీదేవూరంటే చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. లాంచీలో అడుగు పెట్టేదాకా నమ్మాను" అన్నారు.

ఇంకొంచెం కిచిడీ ఉంది తింటారా అన్నాను.

ఆగస్టు 29

నీళ్ళు తగ్గి జనం ఇళ్ళకి వెళ్తున్నారు. టీవీలు దిగాయి. మేక దిగింది. దూడని వెంకటేశం తోలుకుపోయాడు. ఒక్కొక్కరూ దిగుతుంటే లాంచీ లేస్తోంది. చివరి సిలిండరు దిగగానే మెల్లిగా కదిలి ఊగడం మొదలుపెట్టింది. ఆయన కిటికీ ఊచ పట్టుకున్నారు.

"వాళ్ళని ఇంకో రెండ్రోజులు ఉండమనరాదూ?" అన్నారు.

ఆగస్టు 30

గట్టు మీద నిలబడి ఆయన ఒక ఉపాయం చెప్పారు. వెంకటేశంతో చెప్పి లాంచీ అడుగున కంకర పోయిద్దాం అన్నారు. బరువుకి నేల మీద కూచుంటుంది, కదలదు, ఇద్దరం హాయిగా ఉండొచ్చు.

మంచి ఉపాయమే. ఆయన ఇంజనీరు. నేను చాలాసేపు ఆలోచించాను.

"వద్దండీ" అన్నాను. "నాకు ఊగడం ఇష్టం."

ఆయన తల ఊపి గదికి వెళ్ళిపోయారు. గది ఇంకా బురద వాసన వేస్తోందిట.

ఆగస్టు 31

రాలేదు.

సెప్టెంబరు 3

పొద్దున్నే వచ్చారు. జేబులో ప్రయాణంలో వేసుకునే వాంతుల మాత్రలు, చేతిలో నిమ్మకాయ. చెక్క మీద నుంచి నడిచొచ్చి, లాంచీ సరిగ్గా మధ్యలో, ఎక్కడ తక్కువ ఊగుతుందో వెతుక్కుని కూచున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"పనేమైనా ఉందా?" అన్నాను.

"లేదు. అలవాటు చేసుకుందామని."

కాఫీ ఇచ్చాను. సగం తాగారు. మిగతా సగం గట్టు మీద తాగారు.

సెప్టెంబరు 7

భోజనానికి కూచున్నారు. పప్పన్నం సగంలో లేచి వెళ్ళారు. వడివడిగా వెళ్ళారు. నేను చూడనట్టు ఆవకాయ జాడీ మూత బిగించుకున్నాను.

సెప్టెంబరు 12

పప్పు అయింది. కూర కలుపుకున్నారు, తినలేదు.

సెప్టెంబరు 15

గాలి ఎక్కువగా ఉంది. గట్టు మీద నుంచే చెయ్యి ఊపారు. క్యారేజీ కట్టి ఇచ్చాను. గట్టు మీద కూచుని తిన్నారు. నేనూ నా కంచం పట్టుకుని కిటికీ దగ్గర కూచున్నాను. మాట్లాడుకుంటూ తిన్నాం, కొంచెం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

సెప్టెంబరు 19

కూర దాకా.

సెప్టెంబరు 20

కూర దాకా. గుత్తివంకాయ బాగుందన్నారు. కళ్ళు తెరిచి అన్నారు.

సెప్టెంబరు 26

ఈ రోజు చారు దాకా వచ్చారు.